లచ్చవ్వ ఇజ్జత్ దావా

మొన్న పక్కింటి కోడలు నేత చీరలకు ఇంట్లోనే గంజి కాచింది. పొయ్యి మీద పెట్టి ఎవరితోనో ముచ్చట్లలో పడిందేమో, గంజి అడుగంటింది. ఆ మాడిన పులుపు వాసన గోడ దాటి మా వరండాలోకి వచ్చేసరికి నేను పప్పు ఏరుతున్న చేటను పక్కన పెట్టేశాను. గంజి వాసనకు గుండెదడ ఏమిటని మీరు నవ్వుకోవచ్చు. సిద్దిపేట సాలెవాడలో కాపురం చేసినవాళ్ళకు అది అన్నం పెట్టే వాసన. తెల్లవారుతూనే వీధి పొడవునా పడుగు చాచి, ఇంటిల్లిపాదీ అటూ ఇటూ నిలబడి, నూలు పోగులకు గంజి పట్టించి కుంచెలతో దువ్వేవాళ్ళం. ఎండ ముదిరేలోపు ఆ పని అయిపోవాలి. అలా మేమంతా గంజి చేతులతో వీధిలో ఉన్న ఒక ఉదయం, ఒక మనిషి వచ్చి ఒక ఆడమనిషి పేరు పెట్టి ఒక మాట అరిచాడు. నిజాం కాలం నాటి సంగతి అది, యుద్ధం రోజులు. ఆ ఉలికిపాటు మాత్రం నా ఒంట్లోంచి ఈ రోజుకీ పూర్తిగా పోలేదు.

ఆ ఆడమనిషి లచ్చవ్వ. మా ఎదురింట్లో ఉండేది. మంగలివాళ్ళ ఇంటి కోడలు, చిన్న వయసులోనే మొగుడు పోయాడు, పిల్లలు లేరు. మా వాడలోనూ చుట్టుపక్కల వాడల్లోనూ పురుళ్ళన్నీ ఆమె చేతి మీదుగానే జరిగేవి. మనిషి పొడగరి, చేతులు పెద్దవి, నోరు అంతకంటే పెద్దది. నొప్పులు పడుతున్నవాళ్ళను బుజ్జగించడం ఆమెకు చేతకాదు. "మొగని పక్కల పండేటప్పుడు లేదా గీ ఏడుపు?" అని కసిరేది. అయినా ఆమె గడపలోకి అడుగు పెట్టగానే లోపలున్న ఆడవాళ్ళందరికీ ఊపిరి అందేది. అన్నీ చక్కబడతాయని ఆమె ఎవరికీ మాట ఇచ్చేది కాదు. "నా చేతులున్నయి, నీ బలమున్నది, పైన దేవుడున్నడు. ముగ్గురం కలిసి చూద్దాం," అనేది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఒక కడుపు నిలవలేదు. మూడో నెలలోనే పోయింది. మా అత్త రాజవ్వ చెడ్డది కాదు, కానీ ఆమె నోట్లో మాట దాగదు. నేను వినేలాగే పొరుగువాళ్ళతో, "ఏ వేళల కాలు పెట్టిందో," అంది. ఆ సాయంత్రం లచ్చవ్వ నన్ను చూడటానికి వచ్చి, మా అత్తను పిలిచి నా మంచం పక్కనే కూర్చోబెట్టింది. "రాజవ్వా, నీకు ఎన్ని కడుపులు పోయినయి?" అని అడిగింది. మా అత్త ముఖం మాడిపోయింది. "నేనే గద చూసింది. అప్పుడు మీ అత్త నిన్ను ఏమన్నా అంటే నేను ఊకున్ననా? మరి గిప్పుడెందుకు ఊకుంట?" అంది. అంతే, మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ నా కాలు గురించి మాట్లాడలేదు. నా తరఫున ఒకరు మాట్లాడటం నాకు అదే మొదలు. పెళ్ళయిన నాటి నుంచి లోలోపల ముడుచుకుపోయిన దాన్ని, ఆ రోజు కరువు తీరా ఏడ్చాను.

ఇప్పుడు మల్లేశం గురించి చెప్పాలి. మా కులంలో కలిగినవాడు, నూలు దుకాణం ఆయనది. నూలు దొరకని ఆ రోజుల్లో ఆయన దుకాణం ముందు మగవాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాచుకుని కూర్చునేవాళ్ళు. ఆయన కొడుకుకు హుస్నాబాద్ పిల్లను చేసుకున్నారు. పిల్ల పేరు సుశీల, తొలిచూలు. పురుటికి లచ్చవ్వను పిలిచారు. లోపల ఏం జరిగిందో మాకు తెలియదు. మగపిల్లవాడు చచ్చి పుట్టాడని మాత్రం తెలిసింది. ఆ ఇంటి నుంచి లచ్చవ్వ తిరిగి వచ్చి, వీధి అరుగు మీద కూర్చుని, చేతుల వంక చూసుకుంటూ చాలాసేపు ఉండిపోయింది. మేము పలకరించలేదు. ఆమె ముఖం చూస్తే పలకరించాలనిపించలేదు.

కొద్ది రోజులకే ఆ ఉదయం వచ్చింది. పడుగుకు ఈ వైపు మేము, ఆ వైపు పక్కింటివాళ్ళు, మధ్యలో పోగులు సరిచేస్తూ మా ఆయన. లచ్చవ్వ తన గడపలో కూర్చుని పళ్ళు తోముకుంటోంది. మల్లేశం తలకు రుమాలు లేకుండా, కళ్ళు ఎర్రబడి, వీధి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. "ఈ లచ్చి బాణామతి చేసి నా మనుమణ్ణి చంపింది," అని అరిచాడు. ఒకసారి కాదు. వీధి ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగి చూస్తూ, ఇంకా లోపలున్నవాళ్ళకు కూడా వినపడాలన్నట్టు మళ్ళీ మళ్ళీ అరిచాడు.

ఆ చేతబడి మాట నేను ఇప్పుడు రాశాను కానీ, ఆ రోజుల్లో మా వాడలో ఎవరూ దాన్ని నోటితో పలికేవాళ్ళు కాదు. మా నమ్మకం ఏమిటంటే, దాని పేరు పెట్టి పిలిస్తే అది వింటుంది, పిలిచినవాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వస్తుంది. తప్పనిసరైతే "గది" అనేవాళ్ళు, "గా పని" అనేవాళ్ళు. బెజ్జంకి వైపు ఒక పల్లెలో ఒకామె మీద ఆ మాట పడితే ఊరంతా కలిసి ఆమె పళ్ళు రాలగొట్టారని విన్నాం. పళ్ళు ఊడితే మంత్రం పలకదట. అందుకే మల్లేశం నోటి నుంచి ఆ మాట ఊడిపడగానే కుంచెలు జారిపోయాయి. పక్కింటామె చంకలో పిల్లవాడి చెవులు మూసింది. పడుగు వదిలేశాం. పోగులు మట్టిలో పడి ఆ రోజు పని మొత్తం నాశనమైంది. లచ్చవ్వ మాత్రం లేవలేదు. నోట్లో వేపపుల్ల అలాగే ఉంది. నా కళ్ళు ఆమె పళ్ళ మీదకే పోయాయి. ఎంత వద్దనుకున్నా పోయాయి.

ఆ వారంలోనే ఆమె దావా వేస్తానంది. వాడంతా నిర్ఘాంతపోయింది. ఆడది, అందులో మంగలి విధవ, నూలు సావుకారి మీద అదాలత్‌కు పోవడమా! కులపెద్దలు ఇంటికి వచ్చి, "తప్పు ఒప్పించి నలుగుట్ల కూసుండబెడతం, కచేరీలెందుకు?" అన్నారు. "మీ ముంగటనే అన్నడు గద. అన్ననాడు మీ నోర్లు యాడ పోయినయి?" అని ఆమె తలుపు వేసేసింది. నన్ను తోడు రమ్మంది. మా అత్త వద్దన్నా వెళ్ళాను.

కిషన్‌రావు వకీలు మంచి మనిషి. ఉర్దూ పుస్తకాలతో నిండిన గదిలో పెద్ద పీట వేసి లచ్చవ్వను కూర్చోమన్నాడు. ఆమె కింద కూర్చుంది. ఆయన అంతా విని, ఓపికగా కానూన్ చెప్పాడు.

"చూడు లచ్చవ్వా, తిట్టు వేరు, అభాండం వేరు. కోపంల నిన్ను ఏదో బూతు మాట అన్నడనుకో, అది తిట్టు. దానికి కానూన్ల వేరే దఫా ఉన్నది, శిక్ష చిన్నది. కాని చెయ్యని పాపం చేసినవని పదిమంది ముంగట అంటే, ఆ పదిమంది కండ్లల్ల నీ విలువ పడిపోతది. గది పెద్ద నేరం. మన రియాసత్ కానూన్ల దాన్ని ఇజాలె హైసియతె ఉర్ఫీ అంటరు."

"ఆయన అన్నది ఒక్క మాట. దానికి సర్కారు పెట్టిన పేరు గింత పొడుగున్నదా?" అంది లచ్చవ్వ. వకీలు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"సారూ, నిజమే అయితే అట్ల అనొచ్చా మరి?" అని నేను అడిగాను. నా ఉద్దేశం ఆ మాట నిజమని కాదు. ఎవరైనా రేపు అలా వాదిస్తే ఏమిటని.

"నిజమైతే సరిపోదమ్మా. నిజమైనా సరే, పదిమంది మేలు కోరి అన్నదై ఉండాలె. ఒకల పరువు తీసెతందుకే నిజం చెప్పినా కానూన్ ఊకోదు," అన్నాడు. నా జన్మలో అలాంటి సంగతి విని ఉండలేదు. నిజం చెప్పినవాడికి ఎదురు లేదని కదా మనకు చిన్నప్పటి నుంచీ చెప్పేది!

తర్వాత ఆయన అసలు సంగతికి వచ్చాడు. దావా కాగితంలో రాస్తే చాలదు, ఏ మాట అన్నాడో అదే మాట అదాలత్‌లో పలకాలి, దాన్ని విన్నవాళ్ళే పలకాలి. ఎవరూ వినకుండా ఆమె ఒక్కదాని చెవిలోనే అని ఉంటే అసలు ఈ నేరమే లేదన్నాడు. విన్నవాళ్ళు ఉన్నారు కదా అని నిశ్చింతగా మా అందరి పేర్లూ రాసుకున్నాడు. చివర్లో లచ్చవ్వను, "ఆ దినం ఆ ఇంట్ల ఏమైందో చెప్పు. పోరగాడు ఎందుకు చచ్చి పుట్టిండో తెలిస్తే మల్లేశం మాట అబద్ధమని ఇట్టే తేలుతది," అన్నాడు. లచ్చవ్వ తల అడ్డంగా ఊపింది. "పురుడుపోసిన ఇంటి ముచ్చట బయట చెప్ప సారూ. గది నా పని గాదు." ఆయన ఎంత అడిగినా అదే జవాబు. వకీలు విసుక్కున్నాడు. నాకూ కోపం వచ్చింది. దారిలో, "చేతిల కట్టె పెట్టుకొని కొట్టనంటవేందవ్వా?" అన్నాను. ఆమె నన్ను ఒక్కసారి చూసి ముందుకు నడిచింది.

దావా నెలల కొద్దీ సాగింది. మున్సిఫ్ సాబు లేడని ఒకసారి, కాగితం అందలేదని ఒకసారి తిరిగి వచ్చేవాళ్ళం. ఈలోగా నేను మళ్ళీ నీళ్ళోసుకున్నాను. మల్లేశం కోడలు సుశీల కూడా నీళ్ళోసుకుందని తెలిసింది. సాక్షులకు సమన్లు వచ్చిన రోజుకు నాకు కడుపు బయటికి కనిపిస్తోంది. కడుపుతో ఉన్నది కచేరీ మెట్లు ఎక్కకూడదని మా అత్త చప్రాసీతో పోట్లాడింది. "సర్కార్ కాగితమవ్వా, కడుపులు చూడది," అన్నాడతను.

మున్సిఫ్ సాబుకు తెలుగు కొద్దిగా వచ్చు. పక్కన పేష్కార్ కూర్చుని మేము తెలుగులో చెప్పింది ఉర్దూలో రాసుకునేవాడు. ముందు లచ్చవ్వను నిలబెట్టారు. "నన్ను గా మాట అన్నడు, వాడంత విన్నది," అంది. ఏ మాట అని మున్సిఫ్ అడిగితే, "సాక్షులు చెప్తరు దొరా," అంది. మంత్రసాని ఆ మాట తన నోట పలికితే ఇక ఆమెను ఏ పురుటింటికీ పిలవరు. అది మా అందరికీ తెలుసు, వకీలుకు తప్ప. ఆయన చిరునవ్వుతో మొదటి సాక్షిని పిలిచాడు.

మొదటి సాక్షి పక్కింటి ఎల్లయ్య. నిజమే చెప్తానని ప్రమాణం చేశాడు. మల్లేశం వచ్చాడన్నాడు, అరిచాడన్నాడు. "ఏమని అరిచిండు?"

"గా మాటే దొరా."

"గా మాటంటే?"

"గదే దొరా, బాంచెను. గది."

వకీలుకు అర్థం కాలేదు. నూలు కోసం భయపడుతున్నాడనుకున్నాడు. "నీకు నూలు ఇయ్యనని మల్లేశం బెదిరించిండా?" అని గట్టిగా అడిగాడు. "లేదు దొరా, పెద్దమనిషి, నన్నేమనలే." రెండో సాక్షి వచ్చాడు, గదే అన్నాడు. మూడో ఆమె వచ్చింది, ముక్కు చీదుకుని, "నా నోట రాదు సామీ, ఇంట్ల పసిపిల్లలున్నరు," అంది. మల్లేశం తరఫు వకీలు లేచి, మాట ఏమిటో తెలియనప్పుడు అభాండం ఎక్కడిది, ఏదో కోపంలో తిట్టిన తిట్టే కదా అని నవ్వుతూ ఏదో చెప్పాడు. మున్సిఫ్ సాబు బల్ల మీద కొట్టి, "సాఫ్ సాఫ్ చెప్పండి. లఫ్జ్ ఏంది, ఆ మాట ఏంది?" అన్నాడు. ప్రమాణం చేసి నిజం చెప్పడానికి వచ్చినవాళ్ళం. అబద్ధం ఒక్కరూ చెప్పలేదు. అయినా దావా మా కళ్ళ ముందే నీరుగారిపోతోంది.

మా అత్త వంతు వచ్చింది. లచ్చవ్వ ఆమె వైపు చూడలేదు, నేల చూపులు చూస్తోంది. మా అత్త నన్ను చూపించి, "గీ పిల్ల కడుపుతోని ఉన్నది దొరా. గా మాట నా నోట పలికి ఇంటికి తోలుకపోనా? నన్ను ఉరిదీసినా పలుక," అంది. నా తర్వాత పిలవడానికి ఎవరూ లేరు. నా పేరు పిలుస్తారని నేను కాచుకుని నిలబడ్డాను. పిలిస్తే ఏం చెప్పేదాన్నో నాకు ఈ రోజుకీ తెలియదు.

పిలవలేదు. లచ్చవ్వ లేచింది. "ఆగున్రి. ఆ పిల్లను పిలువకున్రి. నేనే చెప్త. లచ్చి బాణామతి చేసి నా మనుమణ్ణి చంపింది అన్నడు దొరా. నన్ను బాణామతిదన్నడు."

మా వాడ ఆడవాళ్ళు గోడకు అతుక్కుపోయారు. మా అత్త తన కొంగు తీసి నా పొట్ట చుట్టూ కప్పేసి నన్ను వెనక్కి లాగింది. పేష్కార్ కలం ఆగింది. అతను చిన్నవాడు, కొత్తగా వచ్చినవాడు. ఆ తెలుగు మాట ఉర్దూలో ఎలా రాయాలో తెలియక, "ఇంకొక్కసారి చెప్పు," అన్నాడు. ఆమె చెప్పింది. విడదీసి చెప్పమన్నాడు. విడదీసి చెప్పింది. తన మీద పడ్డ ఆ మాటను, పరువు కాపాడుకోవడానికి వచ్చిన చోట నిలబడి, పిల్లవాడికి అక్షరాలు నేర్పినట్టు ఒక్కొక్కటిగా పలికింది. కానూన్ అంటే ఇదా అనిపించింది. ఎదురుగా నిలబడ్డ మల్లేశం తల వంచుకున్నాడు.

సాక్షులు ఎందుకు పలకలేదో కిషన్‌రావు వకీలుకు అప్పుడు అర్థమైంది. ఆయన ముఖం తెల్లబోయింది. వెంటనే మున్సిఫ్ సాబును బతిమాలి సాక్షులను మళ్ళీ ఒక్కొక్కరినీ నిలబెట్టి, "లచ్చవ్వ ఇప్పుడు చెప్పిన మాటేనా మల్లేశం అన్నది?" అని అడిగాడు. "ఔ దొరా, గామె చెప్పిందే," అని అందరూ అన్నారు. మా అత్త కూడా అంది. మాట తనే పలికి ఔనా కాదా అని అడిగే పద్ధతి ఆయనకు ముందే తోచి ఉంటే ఏదో దారి దొరికేదేమో. తోచలేదు. మేమూ చెప్పలేదు.

ఆమె గెలిచింది. మల్లేశానికి జుర్మానా పడింది. మళ్ళీ ఆమె పేరు ఎత్తితే జైలే అని మున్సిఫ్ సాబు కసిరాడు. వకీలు ఫైసలా కాగితం చేతిలో పెట్టి, "నీ ఇజ్జత్ నీకు వాపస్ వచ్చింది లచ్చవ్వా," అన్నాడు. ఆమె దండం పెట్టింది. ఆ సాయంత్రం మేము వాడలోకి వచ్చేసరికి, మాతో పాటు అదాలత్‌కు వచ్చినవాళ్ళే వీధికి ఆ వైపు నుంచి, గోడ వారగా నడిచి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడు కులపెద్దలు వచ్చి, ఆమె అట్లాంటిది కాదని డప్పు కొట్టించి ఊరంతా చాటింపు వేయిస్తామన్నారు. మంచి మనసుతోనే అన్నారు. "వద్దు బాంచెను. వినని వాడలు ఇంక ఏమన్నా మిగిలినయా?" అంది లచ్చవ్వ.

ఆ తర్వాత ఆమెను ఎవరూ పిలవలేదు. ఇంకో వాడ నుంచి ఒక ముసలామెను తెచ్చుకున్నారు, ఆమెకు కళ్ళు సరిగా ఆనవు. ఒకరిద్దరు బాలింతలు జ్వరాలతో మంచం పట్టారు. అయినా పిలవలేదు. లచ్చవ్వ ఇళ్ళల్లో వడ్లు దంచడానికి పోదామనుకుంటే దానికీ రమ్మనలేదు. ఊరి బయట చేన్లలో కూలికి పోయింది. పొద్దుగూకి వచ్చి గడపలో కూర్చునేది. మా అత్త నన్ను ఆ వైపు పోనివ్వలేదు. నేను నీళ్ళబిందె దించే వంకతో వీధిలో ఆగితే, లచ్చవ్వ అక్కడి నుంచే నా నడక చూసి, "బిడ్డ ఇంక కిందికి దిగలే, ఎక్కువ బరువులెత్తకు," అనేది. తాకకుండా, దగ్గరికి రాకుండా అంతే చెప్పేది. నాకు ఏడుపు వచ్చేది, కోపమూ వచ్చేది. ఎవరి మీద అంటే చెప్పలేను. కాగితం ఇచ్చిన సర్కారు మీదా, కాగితం చదవలేని వాడ మీదా, ఒక మాటకు ఇంత విషం ఎలా ఉంటుందన్న దాని మీదా.

ఒక మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. మేము అరుగుల మీద కూర్చుని నూలు కండెలు చుడుతున్నాం. లచ్చవ్వకు ఆ రోజు కూలి దొరకలేదు, ఇంట్లోనే ఉంది. వీధి మలుపులో మల్లేశం కనిపించాడు. నా చేతిలో కండె జారి కింద పడింది. మళ్ళీ ఏం అరుస్తాడోనని ఆడవాళ్ళం లేచి నిలబడ్డాం. ఆయన ఎవరినీ చూడలేదు. నేరుగా ఆమె గడప ముందుకు పోయి, రుమాలు తీసి చేత పట్టుకుని, "లచ్చవ్వా, పిల్లకు నొప్పులు మొదలైనయి. రా," అన్నాడు. తప్పయిందనలేదు, మన్నించమనలేదు. లచ్చవ్వ ఆయన్ను పైనుంచి కింది దాకా చూసింది. "ఎప్పటి సంది?" అంది.

"ఇప్పుడే. గిప్పుడే మొదలైనయి. జల్ది వచ్చిన."

ఆమె లోపలికి పోయి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, కొంగు దోపుకుని బయటికి వచ్చింది. మల్లేశం మలుపు దగ్గర కచ్చరం బండి నిలబెట్టాడు. ఆమె బండి ఎక్కలేదు. వీధి మధ్యలో నుంచి, మేమంతా చూస్తుండగా, నడిచి వెళ్ళింది. మల్లేశం బండి పక్కన, ఆమె వెనక నడిచాడు. పొద్దువాలేలోపు ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా క్షేమమని తెలిసింది. మా అత్త ఆ మాట వినగానే లేచి, లచ్చవ్వ వచ్చే దాకా ఆమె గడప దగ్గర నిలబడింది. ఆమె రాగానే, "లచ్చవ్వా, మా పిల్లకు దినాలు దగ్గరవడ్డయి. నువ్వే రావాలె," అంది. నాకు ఒళ్ళు మండింది. "నిన్నటి దాక ఆమె నీడ కూడ పడొద్దన్నవు గదత్తా?" అన్నాను. మా అత్త ఏమాత్రం సిగ్గుపడకుండా, "గా మాట అన్న ఆయనే పిలిచినంక ఇంక మనకేందే?" అంది.

అప్పుడు నాకు తగిలిన దెబ్బ అదాలత్‌లో తగిలినదాని కంటే పెద్దది. మున్సిఫ్ సాబు ఇవ్వలేనిది, కిషన్‌రావు వకీలు ఇప్పించలేనిది, అంత పెద్ద సర్కారు ముద్రకు సాధ్యం కానిది, మల్లేశం రుమాలు తీసి గడప ముందు నిలబడటంతో వచ్చేసింది. తీసుకున్నవాడే తెచ్చి ఇవ్వాలన్నమాట. ఇవ్వకపోతే ఆమె గతి ఏమయ్యేది?

నాకు కొడుకు పుట్టాక, లచ్చవ్వ పిల్లవాడికి నూనె పెట్టి కాళ్ళ మీద బోర్లా వేసుకుని మర్దన చేస్తుంటే అడిగాను. "ఎట్ల పోయినవవ్వా ఆ ఇంటికి? ఆయన్ను మాఫ్ చేసినవా?"

"మాఫ్ ఎందుకు చేస్త? నొప్పులు పోరియి. పోరి ఏం చేసింది నన్ను?"

"ఆయనకు మల్ల నిన్నే పిలువ బుద్ధెట్ల పుట్టింది?"

లచ్చవ్వ చేయి ఆగింది. "నాకు గది రాదని ఈ ఊర్లె నిక్కంగ ఎరికున్నది ఆయనకొక్కనికే బిడ్డా. మీరందరు నమ్మిన్రు. మీ అత్త నమ్మింది, నువ్వు సుత రవ్వంత నమ్మినవు. ఆయన నమ్మలే. అన్ననాడు సుత నమ్మలే." అసలు జరిగింది చాలా ఏళ్ళ తర్వాత సుశీలే నాకు చెప్పింది. మొదటి కాన్పులో నొప్పులు వచ్చిన పొద్దున లచ్చవ్వను పిలుద్దామంటే, మంచి ఘడియ లేదు, ఇప్పుడు పుడితే మేనమామకు గండం అని మామ మల్లేశమే ఆపాడట. ఘడియ దాటాక, పిల్లవాడి కదలిక ఆగిపోయాక పిలిచారట. ఆ ఇంట్లో అడుగు పెట్టగానే లచ్చవ్వకు అంతా అర్థమైపోయి ఉంటుంది. వకీలు గదిలో ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే మల్లేశమే భయపడి దిగివచ్చేవాడు, ఆమె నోట ఆ మాట పలకాల్సిన పనే ఉండేది కాదు. చెప్పలేదు. ఎదుటివాడి ఇంటి గుట్టు దాచి, తన బతుకు మీద తానే నిప్పు పోసుకుంది.

నేను రవ్వంత నమ్మానన్నది నిజమే. విన్న చెవి కదా. ఆ తప్పు దిద్దుకోవాలనే ఆమె దగ్గర పని నేర్చుకున్నాను. ఆమె పోయాక సర్కారు దవాఖానాలో పురుళ్ళు పోసే దాయిగా చేరి, ఆ కొలువులోనే ముసలిదాన్నయ్యాను. నా చేతుల్లో బతికి బట్టకట్టినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. బతకనివాళ్ళూ ఉన్నారు. బిడ్డ దక్కనప్పుడు తోటివాళ్ళు మెల్లగా పక్కకు తప్పుకునేవాళ్ళు, ఇంటివాళ్ళు ఏమంటారోనని. నేను తప్పుకునేదాన్ని కాదు. ఆ తండ్రినో, తాతనో లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసేదాన్ని. నువ్వే చంపినవన్నారు, చేతులు ఇరిగిపోను అన్నారు, ఇంకా రాయలేనివి అన్నారు. అననిచ్చాను. అక్కడ వినడానికి నేను తప్ప ఎవరూ లేరు. అన్నీ అనేశాక గోడకు తల ఆనించి ఏడ్చేవాళ్ళు. ఏడ్చి బయటికి పోయినవాళ్ళలో ఒకరిద్దరు తప్ప ఎవరూ ఆ మాటలు వీధిలో అనలేదు.